తెర చూపించని మోర్స్ ట్రైనర్: ప్రాజెక్టు డైరీ

శుక్రవారం రాత్రి, పని మొదలు

పొట్టి, పొడుగు ధ్వనులతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్‌ని నేర్పే చిన్న పెట్టె ఒకటి ఇంట్లోనే తయారు చేసుకుంటున్నాను. ఫోన్లో యాప్‌లు బోలెడున్నాయి, బాగానే పనిచేస్తాయి కూడా. కానీ వాటిలో ఏదో ఒకటి కంటికి కనబడుతూనే ఉంటుంది: అక్షరమో, చుక్కా గీతో, మెరిసే దీపమో. నాకు కావలసింది చెవికి మాత్రమే పని పెట్టే పెట్టె. ధ్వని వస్తుంది, నేను పెన్సిల్‌తో రాసుకుంటాను, రౌండు అయిపోయాకే జవాబు కనబడుతుంది. పెట్టెలో ఏ భాగం ఉండాలో, ఏది ఉండకూడదో ఈ నియమాన్ని బట్టే తేలుస్తాను.

మా పెదనాన్న తంతి తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు విజయవాడలో ఉంటారు. సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "చార్టేమైనా కొన్నావా?" లేదన్నాను. "కొనకు. గోడకి చార్టు తగిలించావంటే గోడ వంకే చూస్తావు. చెవి పనిచెయ్యదు" అన్నారు. నా నియమానికి ఆయన సంతకం కూడా పడ్డట్టే.

ముందు కొలతలు. మోర్స్‌లో అన్నిటికీ ఆధారం డిట్, అంటే చుక్కకి మోగే పొట్టి ధ్వని. దాని నిడివి 1 అనుకుంటే డా, అంటే గీతకి మోగే పొడుగు ధ్వని, నిడివి 3. ఒకే అక్షరంలో రెండు ధ్వనుల మధ్య ఖాళీ 1, అక్షరానికీ అక్షరానికీ మధ్య 3, పదానికీ పదానికీ మధ్య 7. వేగం కొలవడానికి 'పారిస్' అనే ఇంగ్లీషు పదం వాడతారు. చివరి ఖాళీతో కలిపి అది సరిగ్గా 50 డిట్లు. నిమిషంలో ఎన్ని పారిస్‌లు పడితే అన్ని పదాల వేగం అన్నమాట. కాబట్టి 1200ని వేగంతో భాగిస్తే డిట్ ఎన్ని మిల్లీసెకన్లో వచ్చేస్తుంది: 20 పదాల వేగానికి 60, 12కి 100, 5కి 240. నా ప్రోగ్రాం మొత్తం ఈ భాగహారం మీదే నిలబడుతుంది.

ఆ 240 చూడండి. డిట్ పావు సెకను, డా ముప్పావు సెకనుకి దగ్గర. ధ్వని అంతసేపు సాగితే బుర్ర ఊరుకోదు, "ఒక పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ పొడుగు" అని లెక్క మొదలుపెడుతుంది. ఆ లెక్క అలవాటైనవాళ్ళు నిమిషానికి పది పదాల దగ్గర ఆగిపోతుంటారు. అంతకు మించితే లెక్కపెట్టే టైమే ఉండదు మరి. అందుకని నా పెట్టెలో అక్షరం మొదటి రోజు నుంచీ 20 పదాల వేగంతోనే మోగుతుంది. వేగం తగ్గించే మీట అసలు పెట్టను.

శనివారం, ఎస్‌పీ రోడ్డు

హూడిలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారి, చిక్కపేటలో దిగితే ఎస్‌పీ రోడ్డు నడిచేంత దూరమే. ఎలక్ట్రానిక్స్ సామానుకి బెంగళూరులో నాకు ఇంతకంటే మంచి చోటు తెలియదు. ఆర్డుయినో నానో (మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు), 8 ఓమ్‌ల చిన్న స్పీకరు, పామ్ 8403 ఆంప్లిఫయర్ బోర్డు, 0.96 అంగుళాల ఓలెడ్ తెర, వాల్యూమ్‌కి తిప్పే పాట్ ఒకటి, హెడ్‌ఫోన్ జాక్‌లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. చేతిలో పెట్టి చూస్తుంటే ముద్దొచ్చింది, 5 వోల్టుల రిలే (కరెంటు ఇస్తే పడే స్విచ్) కూడా ఒకటి తీసుకున్నాను.

కొట్టతను బజర్ తీసుకోమన్నాడు. యాక్టివ్ బజర్‌లో ఆసిలేటర్ లోపలే ఉంటుంది, కరెంటు ఇస్తే ఒకే శ్రుతిలో కూస్తుంది. ప్యాసివ్ బజర్‌కి మనమిచ్చిన శ్రుతి వస్తుంది కానీ, ఆ పల్చటి పీజో బిళ్ళలు ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గరే గట్టిగా మోగుతాయి. మోర్స్ వినడానికి హాయిగా ఉండేది 600, 700 హెర్ట్జ్ దగ్గర. రోజూ అరగంట వినాల్సిన ధ్వని చెవిని గీరకూడదు కాబట్టి స్పీకరే.

ఆదివారం, ధ్వని

ఈ పెట్టెకి ధ్వనే ప్రాణం కాబట్టి రోజంతా దీనికే ఇచ్చాను.

ఆర్డుయినోలో టోన్ అనే ఆదేశం రెడీగా ఉంది. ఒక్క లైను రాస్తే 600 హెర్ట్జ్ వచ్చేస్తుంది. కానీ అది చదరపు తరంగం. దాంతోపాటు 1800, 3000, ఇలా బేసి గుణిజాలన్నీ బయటికొస్తాయి. 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు కలిపి 720 హెర్ట్జ్ దగ్గర కోసే ఫిల్టర్ పెడితే కొంచెం మెత్తబడింది. అయినా ప్రతి డిట్‌కీ ముందూ వెనకా 'టక్' మని చిన్న దెబ్బ వినబడుతూనే ఉంది. ధ్వని ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా తెగినప్పుడు అలాగే వస్తుంది. నిజమైన ట్రాన్స్‌మిటర్లలో ఈ దెబ్బే పక్క ఫ్రీక్వెన్సీలో ఉన్నవాళ్ళని కూడా ఇబ్బంది పెడుతుంది. రేడియో మనుషులు దాన్ని కీ క్లిక్ అంటారు.

అందుకని టోన్ ఆదేశం వదిలేసి, సైన్ తరంగం విలువలు పట్టికగా రాసి, నానోలోని పీడబ్ల్యూఎం (పిన్నుని చాలా వేగంగా వేసి ఆర్పుతూ మధ్య విలువలు తెప్పించే పద్ధతి) ద్వారా వాటిని బయటికి పంపాను. నానో గడియారం 16 మెగాహెర్ట్జ్‌ని 256తో భాగిస్తే ఆ వేసి ఆర్పే వేగం 62.5 కిలోహెర్ట్జ్. అది చెవికి అందదు, చిన్న ఫిల్టర్‌తోనే పోతుంది. ఇప్పుడు ప్రతి ధ్వనీ మొదటి 5 మిల్లీసెకన్లలో మెల్లగా లేచి, చివరి 5 మిల్లీసెకన్లలో మెల్లగా దిగేలా చేశాను. డిట్ నిడివి 60 కాబట్టి ఈ 5 వల్ల లయ చెడదు. మార్పు చెవికి వెంటనే తెలిసింది. 'టక్' పోయి, ధ్వని గుండ్రంగా, నిండుగా వచ్చింది. మోర్స్ ట్రైనర్ కట్టుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: మిగతా హంగులన్నీ తర్వాత, ముందు ఈ లేవడం దిగడం సరిచేసుకోండి. వినబుద్ధేసే ధ్వని ఉంటేనే రేపు మళ్ళీ కూర్చుంటాం.

మంగళవారం, అక్షరాల పట్టిక

మనం వాడే అంతర్జాతీయ కోడ్‌కి ఈ రూపం 1848లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ గెర్కే చేసిన సవరణలతో వచ్చింది. అంతకుముందు అమెరికాలో నడిచిన కోడ్‌లో రకరకాల పొడవుల గీతలు, కొన్ని అక్షరాల మధ్యలోనే ఖాళీలు ఉండేవి. ఆ సవరణ వల్లే ఇవాళ నా పని తేలికైంది. రెండే నిడివులు కాబట్టి డిట్‌కి 0, డాకి 1 పెట్టి, మొదలు ఎక్కడో తెలియడానికి ముందు అదనంగా ఒక 1 చేరిస్తే, ప్రతి అక్షరం ఒక్క బైటులో, అంటే ఎనిమిది బిట్లలో పట్టేస్తుంది. అంకెలకి ఐదు ధ్వనులు, విరామ చిహ్నాలకి మామూలుగా ఆరు. అన్నీ సరిపోయాయి.

ఎస్ఓఎస్ మాత్రం పట్టలేదు. ఆపదలో పంపే ఈ సంకేతాన్ని 1906లో బెర్లిన్ ఒప్పందంలో ఖాయం చేశారు. మధ్యలో అక్షరాల ఖాళీ లేకుండా తొమ్మిది ధ్వనులూ ఒకే సంకేతంగా పంపాలి. తొమ్మిది, ముందున్న ఒకటి కలిపి పది బిట్లు. అందుకని దాన్ని మూడు అక్షరాలుగానే ఉంచి, మధ్య ఖాళీని 3 నుంచి 1కి తగ్గించే చిన్న గుర్తు ఒకటి ప్రోగ్రాంలో పెట్టాను.

గురువారం, గణాలు

పట్టిక టైపు చేస్తుంటే తట్టిన సంగతి. స్కూల్లో ఛందస్సు చదివిన ప్రతి తెలుగువాడికీ మూడు ధ్వనుల మోర్స్ అక్షరాలు ముందే తెలుసు. లఘువుని డిట్ అనుకుని గురువుని డా అనుకోండి. యగణం లఘువు, గురువు, గురువు: డిట్ డా డా, అంటే డబ్ల్యూ. మగణం మూడూ గురువులే: ఓ. తగణం జీ, రగణం కే, జగణం ఆర్, భగణం డీ, నగణం ఎస్, సగణం యూ. మూడక్షరాల గణాలు ఎనిమిది, మూడు ధ్వనుల మోర్స్ అక్షరాలూ ఎనిమిదే, ఒక్కటి కూడా మిగలదు. రెండక్షరాల గణాలూ కలుస్తాయి: వగణం ఏ, హగణం ఎన్, గగం ఎం, లలం ఐ.

అలాగైతే ఉత్పలమాల పాదం భ ర న భ భ ర వ కదా, మోర్స్‌లో డీ, కే, ఎస్, డీ, డీ, కే, ఏ. మత్తేభం స భ ర న మ య వ: యూ, డీ, కే, ఎస్, ఓ, డబ్ల్యూ, ఏ. రాత్రి ఈ రెండు పాదాలనీ స్పీకర్లో మోగించి చాలాసేపు విన్నాను. చిన్నప్పుడు చేతి వేళ్ళ మీద గుర్తించిన గణాలు స్పీకర్లోంచి వస్తుంటే ఒళ్ళు పులకరించింది.

అయినా దీన్ని ట్రైనర్‌లో పాఠంగా పెట్టలేదు. రెండు కారణాలు. ఛందస్సులో గురువుకి రెండు మాత్రలు, మోర్స్‌లో డాకి మూడు. గణం పలికే లయ చెవిలో కుదురుకుంటే డా పొట్టిదైపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ధ్వని వినగానే "ఇది రగణం, రగణం అంటే కే" అని రెండడుగులు వేయాల్సి వస్తుంది. 'యమాతారాజభానసలగం' గుర్తు చేసుకునేంతలో తర్వాతి అక్షరం వెళ్ళిపోతుంది. గోడ మీద చార్టు చేసే హాని బుర్రలో ఉన్న చార్టు కూడా చేస్తుంది. డా డిట్ డా వినబడగానే మధ్యలో ఇంకేమీ రాకుండా చెయ్యి కే రాయాలి, అంతే. గణాల సంగతి తెలిసి ఆనందించాల్సింది, సాధన చేయాల్సింది కాదు.

శనివారం, పాఠాల వరుస

1930ల్లో లుడ్విగ్ కోహ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపిన దారినే పెట్టాను. పూర్తి వేగంతో రెండే అక్షరాలతో మొదలు. నూటికి తొంభై సరిగ్గా రాస్తేనే మూడో అక్షరం. మళ్ళీ తొంభై వస్తే నాలుగోది. ఇప్పుడు ఎక్కువమంది వాడే వరుసలో మొదటి రెండూ కే, ఎం.

అక్షరాల మధ్య ఖాళీ మాత్రం పెంచుకోవచ్చు. దీన్ని ఫార్న్స్‌వర్త్ పద్ధతి అంటారు. అక్షరం 20 వేగంతోనే మోగుతుంది, ఆలోచించుకునే జాగా ఎక్కువ ఉంటుంది. మొత్తం వేగం ఎంత పెట్టాలంటే, మన దేశంలో అమెచ్యూర్ రేడియో జనరల్ గ్రేడ్ పరీక్షకి పెట్టిన 8 పదాల వేగాన్నే తీసుకున్నాను. లెక్క ఇలా: 8 పదాల వేగంలో ఒక పారిస్‌కి 7.5 సెకన్లు. అందులో ధ్వనులూ, అక్షరం లోపలి ఖాళీలూ 31 డిట్లు, అంటే 1.86 సెకన్లు. మిగిలిన 5.64 సెకన్లని 19 భాగాలు చేసి అక్షరానికి మూడు, పదానికి ఏడు ఇవ్వాలి. మామూలుగా 180 మిల్లీసెకన్లు ఉండే అక్షరాల ఖాళీ 890 అయింది, 420 ఉండే పదాల ఖాళీ 2 సెకన్లు దాటింది. మొదట్లో ఈ జాగా లేకపోతే టెన్షన్‌తోనే సగం అక్షరాలు జారిపోతాయి.

అక్షరాలు ఐదేసి చొప్పున గుంపులుగా, వరుస లేకుండా వస్తాయి. ఏ తీగా తగిలించని పిన్ నుంచి నానో చదివే గజిబిజి విలువతో ప్రతిసారీ వరుస మారుతుంది. లేకపోతే స్విచ్ వేసిన ప్రతిసారీ అవే గుంపులు అదే క్రమంలో వస్తాయి, బట్టీ వచ్చేస్తుంది.

నానో బోర్డు మీద పదమూడో పిన్‌కి చిన్న ఎల్ఈడీ ఉంటుంది. దాన్ని ధ్వనితోపాటు వెలిగించమని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ దీపం ఉంటే కన్ను దాని మీదికే పోతుంది. పెట్టలేదు. ఓలెడ్ తెర కూడా రౌండు జరుగుతున్నంతసేపూ నల్లగానే ఉంటుంది. చివర బటన్ నొక్కితే అప్పుడు గుంపులన్నీ చూపిస్తుంది, కాగితంతో పోల్చుకోవచ్చు.

ఆదివారం, కీ

పంపడం నేర్చుకోవడానికి కీ, అంటే నొక్కి మోర్స్ పంపే మీట కావాలి. టేకు చెక్క ముక్క, హ్యాక్సా బ్లేడు ముక్క, పాత ప్లగ్ సాకెట్‌లోంచి తీసిన ఇత్తడి పిన్నులు, సొరుగుకి వేసే చెక్క పిడి. ఇవే సామాను.

హ్యాక్సా బ్లేడుకి స్ప్రింగులా లేచే గుణం సహజంగానే ఉంది. పైనున్న రంగుని ఎమ్రీ పేపరుతో రుద్ది లోహం బయటికొచ్చేదాకా గీకాను, లేకపోతే కరెంటు పారదు. వెనక చివర రెండు స్క్రూలతో చెక్కకి బిగించి, ముందు చివర పిడి పెట్టాను. పిడికి కాస్త వెనగ్గా బ్లేడు అడుగున ఒక ఇత్తడి పిన్ను సోల్డర్ చేసి, సరిగ్గా దాని కింద చెక్కలోకి ఇంకో పిన్ను దించాను. రెండిటి మధ్య సందు ఒక విజిటింగ్ కార్డు దూరేంత. సందు ఎక్కువైతే ప్రతి డిట్‌కీ మణికట్టు పైనుంచి పడాలి, పది నిమిషాల్లో చెయ్యి లాగుతుంది. మరీ తక్కువైతే డిట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వేళ్ళు పిడి మీద తేలిగ్గా ఆనాలి, మణికట్టు ఆడాలి, మోచెయ్యి బల్ల మీద ఆనాలి. ఈ మూడూ పెదనాన్న ఫోన్లో చెప్పి చేయించినవే.

లోహం లోహానికి తగిలినప్పుడు ఒక్కసారి అంటుకుని ఊరుకోదు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. నేను ఒక్కసారి నొక్కితే నానో రెండు మూడు నొక్కులు లెక్కపెట్టింది. తగిలిన క్షణం నుంచి 5 మిల్లీసెకన్లు ఏ మార్పునీ పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో రాశాక సర్దుకుంది.

ఇప్పుడు పంపే మోడ్‌లో పెట్టె నా డిట్‌లనీ డాలనీ కొలుస్తుంది. రెండు డిట్ల నిడివి కంటే తక్కువైతే డిట్, ఎక్కువైతే డా. ఖాళీలకి హద్దులు 2, 5. రౌండు చివర నా డా డిట్‌కి సగటున ఎన్ని రెట్లుందో చూపిస్తుంది. ఆ అంకె 3 దగ్గర ఉండాలి.

బుధవారం, ఫోన్లో పరీక్ష

నేను పంపేది పెదనాన్నకి ఫోన్లో వినిపించాలని చూస్తే సగం మాయమైంది. చుట్టుపక్కల గోల తగ్గించడానికి ఫోన్లో ఉండే ఏర్పాటు మనిషి గొంతుని ఉంచి, ఒకే శ్రుతిలో సాగే ధ్వనిని గోల కింద లెక్కేసి నొక్కేస్తుంది. రికార్డు చేసి ఫైలుగా పంపిస్తే బాగానే వినబడింది. ఐదు నిమిషాల్లో ఆయన మెసేజ్: "ఎల్‌లో డా పొట్టిది. వై బాగుంది. రావడానికి టికెట్ తీసుకున్నాను."

ఆదివారం, పెదనాన్న వచ్చారు

స్టేషన్ నుంచి ఇంటికి రాగానే కాఫీ కూడా తాగకుండా పెట్టె తెమ్మన్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విని, "శబ్దం శుభ్రంగా ఉంది కానీ, మా ఆఫీసులో ఈ కూతలెక్కడివిరా? మాది సౌండరు" అన్నారు.

సౌండర్‌లో టోన్ ఉండదు. అవతలివాళ్ళు కీ నొక్కితే విద్యుదయస్కాంతం ఇనప పట్టీని కిందికి లాగుతుంది, ఒక దెబ్బ. వదిలితే స్ప్రింగు పైకి లాగుతుంది, ఇంకో దెబ్బ. ఆ రెండు దెబ్బల మధ్య వ్యవధిని బట్టి డిట్టో డానో చెవి పట్టుకోవాలి. కొని పక్కన పడేసిన రిలే అప్పుడు గుర్తొచ్చింది. అదీ విద్యుదయస్కాంతమే. నానో పిన్ను రిలే కాయిల్‌కి చాలినంత కరెంటు ఇవ్వలేదు కాబట్టి మధ్యలో బీసీ 547 ట్రాన్సిస్టరు, కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడు పెట్టి కలిపాను. కాయిల్‌లో కరెంటు తెగినప్పుడు ఎదురు తన్నే వోల్టేజీని ఆ డయోడు మింగేస్తుంది. రిలే చప్పుడు పీలగా ఉంటే పెదనాన్నే వంటింట్లోంచి స్టీలు టిఫిను డబ్బా మూత తెచ్చి దాని మీద అంటించమన్నారు. చప్పుడు గదంతా వినబడింది. "కిందికి పడే దెబ్బ బరువుగా, పైకి లేచే దెబ్బ తేలిగ్గా ఉండాలి. నీ దాంట్లో రెండూ ఒక్కలాగే ఉన్నాయి. అయినా పర్లేదు, కానీ" అని కాగితం తీసుకున్నారు.

ఖాళీలు మామూలుగా పెట్టి, 20 వేగంతో రౌండు మొదలుపెట్టాను. నేను చూసింది ఆయన చేతిని. మొదటి గుంపులో ఐదక్షరాలూ మోగడం అయిపోయింది, కలం ఇంకా కదల్లేదు. రెండో గుంపులో రెండు అక్షరాలు పడ్డాక అప్పుడు మొదటి గుంపు రాయడం మొదలుపెట్టారు. చెయ్యి ఒక గుంపు రాస్తుంటే చెవి తర్వాతి గుంపు వింటోంది. రౌండు చివరిదాకా ఆ దూరం అలాగే ఉంది. తెర మీద జవాబులతో పోల్చాం, ఒక్క అక్షరం కూడా తేడా లేదు. ఎలా అని అడిగితే, "అక్షరం వెంట పరిగెత్తకూడదు నాన్నా. వెనక నిలబడి రానివ్వాలి. ఒకటి పోతే పోనీ, దాని కోసం ఆగితే తర్వాతి మూడూ పోతాయి" అన్నారు.

మన దేశంలో టెలిగ్రాం సర్వీసు 2013 జులైలో ఆగిపోయింది. అంతకు చాలా ముందే టెలిప్రింటర్లు, కంప్యూటర్లు వచ్చి కీలనీ సౌండర్లనీ పక్కకి నెట్టేశాయి. ఆయన సౌండరు విని ఎన్నేళ్ళయిందో! చెవి మాత్రం మర్చిపోలేదు.

ఆ తర్వాతి శనివారం

పెదనాన్న రాసిన తీరు చూశాక ట్రైనర్‌లో కొత్త మోడ్ పెట్టాను. గుంపు మొత్తం మోగాక చిన్న బీప్ వస్తుంది, అప్పుడే రాయాలి. మొదట రెండక్షరాల గుంపులు, తర్వాత మూడు, అలా పెంచుకుంటూ పోవాలి. కష్టంగానే ఉంది, కానీ నాలుగక్షరాల దాకా నిలుస్తున్నాయి. తెరని నల్లగా ఉంచడంకంటే కూడా ఎక్కువ పనిచేస్తున్నది ఇదే. కన్నుకి పని లేకుండా చేయడం సగమే. చేతిని కూడా ఆపితేనే చెవి పూర్తిగా వింటోంది.

అంకెల కోసం పెట్టె అక్కర్లేకుండా సాధన దొరికింది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడల్లా ముందున్న బండి నెంబరు ప్లేటుని నోట్లో పలుకుతున్నాను. కేఏ 53 కనబడితే డా డిట్ డా, డిట్ డా, ఐదు డిట్లు, మూడు డిట్లు రెండు డాలు. మనవాళ్ళ ఏపీ, టీజీ బండ్లు, తమిళనాడు బండ్లు కూడా బోలెడు కాబట్టి అక్షరాలూ మారుతుంటాయి.

ఇప్పుడున్న స్థితి: అక్షరాలన్నీ అయ్యాయి, అంకెలు నడుస్తున్నాయి. హెచ్, 5 మాత్రం ఇంకా కలిసిపోతున్నాయి, నాలుగు డిట్లకీ ఐదు డిట్లకీ తేడా 20 వేగంలో సన్నగా ఉంటుంది. అందుకని తప్పిన అక్షరాలు ఎక్కువసార్లు వచ్చేలా ప్రోగ్రాం మార్చాను. కీ మీద నా డా నిష్పత్తి 2.7 దగ్గరుంది.

తర్వాతి పని ఐయాంబిక్ పాడిల్. రెండు మీటలు, ఒకటి డిట్‌కి, ఒకటి డాకి. రెండూ కలిపి నొక్కితే డిట్, డా మార్చి మార్చి వస్తాయి. 'బీ' మోడ్‌లో వేళ్ళు వదిలాక కూడా వ్యతిరేక ధ్వని ఒకటి అదనంగా పడుతుంది, 'ఏ' మోడ్‌లో పడదు. నేను 'ఏ' మోడ్ రాస్తాను. నానోలో రెండు పిన్‌లు దీని కోసం ఖాళీగా ఉంచాను, ఇత్తడి పట్టీలు కోసి పెట్టుకున్నాను. కానీ నిష్పత్తి 3 అయ్యేదాకా పాడిల్ ముట్టుకోవద్దని పెదనాన్న ఆర్డరు, కాబట్టి ఈ వారమంతా హ్యాక్సా కీ మీదే.